ఉత్తరదేశమున పక్షుల పద్దు

జక్కవల పేరెరుగని తెలుగు స్త్రీ యుండదు. కావ్యములు చదివినవారు చక్రవాకమనియు, చదువనివారు జక్కవపిట్ట యనియు దానిని తలచుచునే యుందురు. పగలెల్ల జంటగా మెలగి, ప్రొద్దు గ్రుంకగానే విడిపోయి, ఏటి కా యొడ్డున నొకటి యీ యొడ్డున నొకటి చేరి, తెల్లవార్లు నొకదాని నొకటి పిలుచుకొనునని కవులు చెప్పిరి. కాని సోదరీమణులారా, ఆ పక్షిని కన్నులార చూచినవారు మనలో నెందరు? అది యే నెలలో వచ్చునో, ఏ నెలలో పోవునో, ఎచ్చట గ్రుడ్లు పెట్టునో చెప్పగలవా రెందరు? కవులు వియోగమును వర్ణించిరి గాని, రాకపోకల తేదీలు వ్రాసిపెట్టలేదు.

జక్కవ మన మైదానములకు చలికాలపు అతిథి. ఒక విధమైన బాతు. మేనంతయు పండిన నారింజతొక్క వన్నెగాను, తల కొంత పాలిపోయినట్లును ఉండును. లడఖు, టిబెట్టులలోని మిట్టసరస్సుల చెంత వేసవిలో గ్రుడ్లు పొదిగి, అక్టోబరు నాటికి గంగాయమునల మైదానములకు దిగును. కొన్ని యింకను దక్షిణమునకు సాగివచ్చును. ఏప్రిలు నాటికి మరల కొండలకు పోవును. రాత్రి వియోగము మాటను పక్షిశాస్త్రజ్ఞు లొప్పుకొనరు. రాత్రివేళ మేత మేయుచు కేకలు వేసికొనుట మాత్రము నిజము. ఈ సంగతులన్నియు మనకెట్లు తెలిసినవి? ఎవరో యొకరు చెరువుగట్టున నిలిచి, నేడు చూచితిమి, ఇన్ని యున్నవి, అని వ్రాసియుంచుటచేతనే. అట్టి వ్రాతలను గూర్చి, అందును ఉత్తరహిందూస్థానమున జరిగిన వ్రాతలను గూర్చి, ఈ నెల ముచ్చటింప దలచితిమి.

ఇది తెల్లవారు తెచ్చిన క్రొత్త విద్య యని కొంద రనుకొందురు. అది సరికాదు. మొగలు చక్రవర్తి జహంగీరు ఒక బెగ్గురుపక్షుల జంటను పెంచి, వానికి లైలా మజ్నూ లని పేర్లు పెట్టెను. అవి యెప్పుడు జతగూడినదియు, ఎప్పుడు గ్రుడ్లు పెట్టినదియు, ఎన్నినాళ్లకు పిల్లలు వెలువడినదియు తన దినచర్యలో వ్రాసికొనెను. ఆడుపక్షి రాత్రియంతయు గ్రుడ్లపై కూర్చుండగా మగది ప్రక్కను కావలి నిలుచుననియు, తెల్లవారగానే మగది వచ్చి ముక్కుతో దాని వీపు గోకి లేపి, తాను కూర్చుండుననియు ఆయన వ్రాత. అంత రాజ్యభారము మోయువానికి ఇంత తీరిక యెక్కడ దొరకెనో యని మాకు వింత తోచును. ఆయన ఆస్థాన చిత్రకారుడగు ఉస్తాద్ మన్సూరు 1625 ప్రాంతమున ఒక పక్షిని చిత్రించెను. మంచువంటి మేను, ఎర్రని ముఖము, పొడవైన కాళ్లు. అది సైబీరియా బెగ్గురు. పల్లాసు అను ఐరోపా శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి శాస్త్రనామ మొసగినది 1773లో. అనగా మన దేశపు కుంచె ఆ పక్షిని సుమారు నూటయేబది యేండ్లకు ముందే పట్టుకొన్నది. ఈ పక్షి కథ ముందు రానున్నది. పాఠకురాండ్రు గుర్తుంచుకొందురు గాక.

దేశమంతటినుండి పక్షివార్తలు తెప్పించి యొకచోట కూర్చినవారిలో ముఖ్యుడు హ్యూము దొర. 1885లో కాంగ్రెసు మహాసభను నెలకొల్పినవారిలో నొక డగుటచే ఆయన పేరు మనకు పరిచితమే. కాని యిటావా జిల్లాలో కలెక్టరుగా నున్ననాటినుండి ఆయనకు పక్షులపై నుండిన పిచ్చి అనేకు లెరుగరు. 1872లో 'స్ట్రే ఫెదర్స్' అను పత్రికను స్థాపించి, అడవి యుద్యోగులు, సైనికులు, వైద్యులు, ఎవరేమి చూచినను వ్రాసి పంపుడని కోరి, వచ్చిన వార్తలను పరీక్షించి యచ్చువేయించెను. సిమ్లాలోని తన యింట వేలకొలది పక్షిచర్మములను కూర్చెను. హిందూదేశపు పక్షులన్నిటిని గూర్చి యొక మహాగ్రంథము వ్రాయవలెనని యిరువదియైదేండ్లు కాగితములు ప్రోగుచేసెను.

ఆ కాగితము లేమయ్యెనో వినుడు. 1883 ప్రాంతమున చలికాలమునందు ఆయన యింటలేని సమయమున, ఒక సేవకుడు ఆ వ్రాతప్రతులను చిత్తుకాగితములుగా బజారులో అమ్మివేసెను! ఇరువదియైదేండ్ల శ్రమ పొట్లములకు పోయినది. ఆయన మనసు విరిగి, 1885లో తన పక్షిచర్మములను లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు దానము చేసి, పక్షుల జోలి మానుకొనెను. అచ్చటికి చేరినవి డెబ్బదియైదువేలకు పైమాటయే. పాతకాగితములను తూకమునకు వేయునప్పుడు మన మెంత చూచి వేయుదుమో యెవరికి వారే తలచుకొందము. అందులో తాతగారి లెక్కల పుస్తక మొకటి పోయినచో ఒక కుటుంబమునకే నష్టము. హ్యూము కాగితములతో నొక దేశపు జ్ఞాపకము పోయినది.

ఒక్క వ్రాతముక్కయే మిగిలిన పక్షులును గలవు. ముస్సూరి, నైనితాలు కొండలలో తూరుపు గాలికి ఊగు గడ్డిలో నొక కౌజుపిట్ట యుండెడిది. దానిని హిమాలయపు కౌజు అందురు. మగది బూడిదవన్నె, ఎర్రని ముక్కు. అది నిశ్చయముగా చేజిక్కిన కడపటిసారి 1876లో, నైనితాలు చెంత. నేటికిని లోకమున దాని చర్మములు పదిపండ్రెండు మాత్రమే మ్యూజియములలో నున్నవి. నాటినుండి చూచితిమన్నవారు కొందరు గలరు. చూచినట్లు ఋజువు చేసినవారు లేరు. ఇట్టిచోట వ్రాతయొక్క విలువ తెలియును. 1876 అను నంకెయే లేకున్న, ఆ పిట్ట యెన్నడు కనబడుట మానెనో యడుగుటకైనను మనకు ఆధారము లేదు.

ఇక భరతపురమునకు పోదము. రాజపుతానాలో, ఆగ్రాకు దగ్గరగా, కేవలాదేవుని గుడి చుట్టును పల్లపు నేల యొకటి గలదు. పదునెనిమిదవ శతాబ్దమున సూరజ్‌మల్లు మహారాజు కట్టించిన అజాను కట్టవలన అందు వాననీరు నిలుచును. ఇరువదితొమ్మిది చదరపు కిలోమీటర్లు మాత్రమే వైశాల్యము. కాని చలికాలమున మధ్యాసియానుండియు సైబీరియానుండియు వచ్చు పక్షులకు అది పెండ్లివారి విడిదివంటిది. పూర్వ మిది భరతపురపు రాజుల బాతువేట స్థలము. గుడి సమీపమున రాతిపలకలు నిలిపి, వానిపై ఏ తేదీన ఏ దొర వచ్చెనో, ఎన్ని తుపాకులో, ఎన్ని పక్షులు కూలెనో చెక్కించిరి. 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిననాడు కూలినవి 4,273. ఒక్కదినమున! ఆ రాళ్లను చదువునప్పుడు మా కడుపు తరుగుకొనిపోయినది. అయినను న్యాయము చెప్పవలెనన్న, ఆ వేటకాండ్రు గూడ పద్దు వ్రాసిరి. ఆ కాలమున అక్కడ ఎన్నెన్ని పక్షులు దిగెడివో ఊహించుటకు నేడు మనకా రాళ్లు పనికివచ్చుచున్నవి. 1956లో ఆ చోటు పక్షులకు రక్షితస్థానమాయెను. 1985లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేరెను.

మన్సూరు చిత్రించిన తెల్ల బెగ్గురు ప్రతియేట వచ్చి దిగినది ఇచ్చటనే. పశ్చిమ సైబీరియాలో ఓబు నదీప్రాంతపు బురదనేలలందు గ్రుడ్లు పెట్టి, ఇంచుమించు అయిదువేల కిలోమీటర్లు ఎగిరి, ఆఫ్ఘను కొండలు దాటి వచ్చెడిది. సుమారు నాలుగున్నర యడుగుల యెత్తు. నిలిచియున్నప్పుడు తెల్లనిదే, రెక్కలు విప్పినపుడు మాత్రము కొనల నలుపు కనబడును. దాని మేత తుంగగడ్డలు. మోకాళ్లలోతు నీటిలో నిలిచి బురదలో ముక్కు గ్రుచ్చి త్రవ్వి తినెడిది. తల్లిదండ్రుల వెంట సాధారణముగా నొక్క పిల్ల యుండెడిది, దాల్చినచెక్క వన్నెది. ఆ ముగ్గురి సంసారమునకు చెరువులో నొక భాగము. అందు మరియొక సంసారమును రానిచ్చెడివి కావు. కావున వానిని లెక్కించుట సులభము. ఎన్ని జంటలు, ఎన్ని పిల్లలు అని ఏటేట వ్రాసిరి.

ఆ లెక్కను వరుసగా చదువుడు. 1964-65 చలికాలమున సుమారు 200. తరువాతి యేండ్లలో క్రమముగా తరుగుట. 1992-93లో అయిదు. తరువాతి రెండు చలికాలములలో ఒక్కటియు లేదు. ఇక రావని యందరు నిరాశ చేసికొనియుండగా, 1995-96లో నాలుగు దిగినవి! 2001-02లో ఒక్క జంట. 2002 తరువాత భరతపురమున గాని, హిందూదేశమున మరెచ్చట గాని, తెల్ల బెగ్గురు కనబడినట్లు ప్రమాణమైన వ్రాత లేదు.

ఎందువలన రాలేదని యడుగుదురు. దారిలో ఆఫ్ఘనిస్థానమునను, నేటి పాకిస్థానపు వాయవ్యసీమలోను బెగ్గురులను వేటాడుట పూర్వాచారము; కొందరు బరువు కట్టిన త్రాళ్లు విసరి యెగురుచున్నవానిని పట్టుదురు. అవి దిగు సరస్సుల చెంతనే యేండ్లతరబడి యుద్ధము జరిగినది. వచ్చునవే కొద్ది, కొద్దిలో కొన్ని పోయినను తిరిగి నిండుట కష్టము, ఏలయన జంటకు ఏట నొక్క పిల్లయే. బోనులలో పెంచిన పిల్లలను 1990లలో భరతపురమున విడిచి, అడవి పక్షులను చూచి దారి నేర్చుకొనునేమో యని ప్రయత్నించిరి. అవి నేర్చుకొనలేదు. తల్లిదండ్రులు చూపవలసిన త్రోవను మనుష్యులు చూపలేకపోయిరి. ఈ జాతి లోకమునుండి మాత్రము పోలేదు. తూర్పు సైబీరియానుండి చీనాదేశపు పోయాంగు సరస్సునకు వేలకొలది నేటికిని పోవుచున్నవి. మన దేశమున కానుకొనిన పడమటి శాఖలో, ఇరానునకు 2007 తరువాత ఏండ్లతరబడి ఒక్క మగపక్షి ఒంటరిగా వచ్చిపోవుచుండెను. ఆ దేశస్థులు దానికి 'ఓమిద్' అని పేరు పెట్టిరి. ఆ మాటకు ఆశ యని యర్థము.

భరతపురపు పద్దు నేర్పిన మరియొక సంగతి గలదు. 1982లో అందు గేదెలను మేపుటను నిషేధించిరి. గ్రామస్థు లెదురుతిరుగగా పోలీసుల కాల్పులలో మనుష్యులు మరణించిరి. పక్షుల మేలునకని చేసిన యా పనివలన కలిగినదేమి? గేదెలు మేయనందున నీటిగడ్డి యెదిగి, చెరువులను కప్పివేసి, బాతులకును బెగ్గురులకును తెరపినీరు లేకుండజేసెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు పదియేండ్లు అక్కడనే యుండి వ్రాసిన లెక్కలవలన ఇది తేలినది. గేదె శత్రువని యెంచినవారు, దానిని వెలివేసిన తరువాత గదా దాని సేవను తెలిసికొనిరి. ఆ మరణించినవారి కుటుంబములకు ఈ లెక్క యేమి యోదార్పు కలిగించునో మేము చెప్పజాలము.

ఈ పనిలో స్త్రీల పాలు లేదనుకొనరాదు. సలీం అలీగారు 1931లో నైజాము రాజ్యమున పక్షులను పరిశోధించుటకు వచ్చినప్పుడు ఆయన భార్య తహమీనా వెంటనుండి, అడవులలో డేరాల జీవనమును నిర్వహించెను. మన తెలుగు పల్లెల పొలిమేరలలో ఆమె కాపురము చేసినది. 1939లో అకాలమరణము పొందెను. రాంచీలో నుండిన జమాల్ ఆరా బీహారు పక్షులను గూర్చి శాస్త్రపత్రికలకు వ్యాసములు వ్రాసి, 1970లో పిల్లలకొరకు పక్షులను చూచుట యెట్లో తెలుపు చక్కని పుస్తకమును ప్రకటించెను. ఉషా గంగూలీ ఢిల్లీ చుట్టుప్రక్కల పక్షులను ఏండ్లతరబడి గమనించి వ్రాసిన గ్రంథము 1975లో, ఆమె మరణానంతరము, అచ్చుపడినది. యమునయొడ్డున నే పక్షి యే నెలలో కనబడునో తెలిసికొనగోరువారు నేటికిని దానిని తిరుగవేయుచుందురు.

మార్వాడములో ఫలోదికి దగ్గరగా ఖీచన్ అను గ్రామము గలదు. అచ్చట చిన్నజాతి బెగ్గురులు, వారి భాషలో 'కుర్జా'లు, మంగోలియా మొదలగు దేశములనుండి వేలకొలది వచ్చి, భాద్రపదము మొదలు ఫాల్గునమువరకు నిలుచును. గ్రామస్థులు ప్రొద్దుటనే దడికట్టిన యొక స్థలమున వానికి జొన్నలు చల్లుదురు. దూరదేశమునకు పోయిన మగనికి వార్త తీసికొనిపొమ్మని యిల్లాండ్రు కుర్జాను వేడుకొను పాటలు ఆ సీమలో ప్రసిద్ధములు. మన హంసరాయబారమువంటిదే. ఈ గ్రామమును 2025లో అంతర్జాతీయముగా గణ్యమైన నీటినేలల పట్టికలో చేర్చిరి.

ఇక పద్దు వ్రాయు విధము. చాకలిపద్దు, పాలలెక్క వ్రాయగల స్త్రీకి ఇది క్రొత్తవిద్య కాదు. తేదీ, వేళ, చోటు, పక్షి పేరు, ఎన్ని అను నయిదు గదులు చాలును. తేదీ విషయమున నొక హెచ్చరిక. కార్తీక శుద్ధ పంచమి యని మాత్రమే వ్రాసినచో, అది ఏటేట ఇంగ్లీషు నెలలలో ముందువెనుకలగును. అధికమాసము వచ్చిన యేడు మరింత జరుగును. పక్షి రాక కొన్ని దినములు ముందయ్యెనా వెనుకయ్యెనా యనునదే ప్రశ్నయైనప్పుడు ఆ లెక్క పనికిరాదు. కావున తిథితోపాటు ఇంగ్లీషు తేదీయు నుండవలెను. గుంపును లెక్కించుటకు మొదట పదింటిని ఎంచి, ఆ పదియెంత చోటాక్రమించెనో కంటితో కొలిచి, అట్టివి యెన్ని తునుకలో చూడవలెను.

పేరు తెలియని పక్షి కనబడినచో, పుస్తకము తెరువక మునుపే చూచినది చూచినట్లు వ్రాయవలెను. పుస్తకములోని బొమ్మ చూచిన తరువాత మన కన్ను చూడని గీతను గూడ చూచితి ననును. పిచ్చుకంతయా, గోరువంకంతయా, కాకియంతయా, గ్రద్దయంతయా? ముక్కు పొడవెంత? తోక యాడించుచుండెనా? ఈ ప్రశ్నలకు జవాబున్న వ్రాతనే పరీక్షకులు నమ్ముదురు. అరుదైన పక్షి పేరు వ్రాసి, వర్ణన వ్రాయనివారి మాటను, వా రెంత పెద్దవారైనను, ప్రక్కకు పెట్టుదురు. అది యవమానము కాదు. మరియు, వెదకితిమి, కనబడలేదు, అనుట గూడ వ్రాయదగిన వార్తయే. భరతపురపు లెక్కలో అన్నిటికంటె విలువైన గదులు ఆ శూన్యములే గదా. అరుదైన పక్షి గూటి జాడను మాత్రము నలుగురిలో వెల్లడింపరాదు. వలలవాడును చదువగలడు.

ఉదయము చూచినదానిని నేడు చేతిఫోనులోనే పంపువారు దేశమున వేలకొలది గలరు. 1987 మొదలు ప్రతి జనవరిలోను ఆసియాలోని నీటిపక్షుల లెక్క జరుగుచున్నది. హిమాచలములో బియాసు నదిపై కట్టిన పోంగు జలాశయమున ఆ నెల లెక్కించు పక్షులు కొన్ని యేండ్లు లక్ష దాటినవి. అందు ముఖ్యమైనది తలపై రెండు నల్లని గీతలుగల పెద్దబాతు. టిబెట్టు మంగోలియాలనుండి హిమాలయమును దాటివచ్చునది యిదియే. ఏడువేల మీటర్లకు పైయెత్తున ఎగురుట యంత్రములతో కొలువబడినది. 2020 డిసెంబరు కడపట పోంగు ఒడ్డున ఆ బాతులు గుంపులుగా చచ్చిపడియుండుట చూచి అటవీశాఖవారు పరీక్షకు పంపగా, పక్షులకు వచ్చు జ్వరమని తేలినది. కొద్దివారములలో నాలుగువేలకు మించి చనిపోయినవి. తరువాతి యేండ్ల లెక్కలో అవి మరల నిండుగా కనబడినవి.

పక్షి కాలికి ఉంగరము తొడిగి విడుచుట మన దేశమున 1927లో ధారానగర సంస్థానమున మొదలైనది. 1959నుండి సలీం అలీగారి యాధ్వర్యమున బొంబాయి సంఘమువారు విరివిగా సాగించిరి. ఉత్తరమున తొడిగిన ఉంగరము దక్షిణమున దొరకవచ్చును. కావున పులికాటు, కొల్లేరు ప్రాంతములలోని మన సోదరీమణులు పొలమున గాని చెరువుగట్టున గాని చచ్చిన పక్షి కాలికి లోహపు టుంగరము చూచినచో, ఒట్టిచేతితో ముట్టక, దానిపైనున్న అంకెలన్నియు వ్రాసికొని, దొరకిన యూరు, తేదీ చేర్చి, ఉంగరముపై చెక్కియున్న పేరునకు ఒక యుత్తరము వ్రాయవలెను. పక్షి బ్రతికియున్నచో అంకెలు మాత్రమే వ్రాసికొని, ఉంగరముతోనే దానిని ఎగురవిడువవలెను.